జనరల్‌కు నిద్ర పట్టని ఇల్లు

మిస్ ఓపల్ ప్రూయిట్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే. పాత ఇల్లు కంటబడితే చాలు, అందులో జనరల్ పెండ్రీ నిద్రపోయాడా లేదా అన్నది తేల్చందే ఆవిడకు నిద్ర పట్టదు.

జనరల్ పెండ్రీ అంటే, ఇంగ్లండు రాజు మీద మావాళ్ళు తిరగబడ్డ రోజుల్లో ఇటువైపు సైన్యాన్ని నడిపిన మనిషి. మా కౌంటీకి, అంటే జిల్లాకి, ఆయన పేరే పెట్టారు. ఆయన ఇక్కడ యుద్ధం చేసినట్టు ఎక్కడా దాఖలా లేదు. నిద్రపోయినట్టు మాత్రం బోలెడన్ని దాఖలాలున్నాయి, అన్నీ నేను చెక్కినవే. కోర్టు వీధి మొదలుకొని ఏటి ఒడ్డు దాకా ఏ వాకిట చూసినా ఓక్ పలక మీద నా అక్షరాలు కనిపిస్తాయి: "జనరల్ పెండ్రీ ఒక రాత్రి ఇక్కడ నిద్రించెను." బయటి ఊళ్ళవాళ్ళు ఆ పలకలు చదువుకుంటూ వచ్చి, చివరికి పెట్రోలు బంకు దగ్గర కారాపి, "మీ జనరల్‌కు ఏమైనా జబ్బుండేదా?" అని అడుగుతుంటారు.

నేను వడ్రంగిని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత ఇళ్ళు విప్పి, అవి ఎలా నిలబడ్డాయో చూసి నేర్చుకున్నాను. నాకు చరిత్ర తెలియదు, చెక్క తెలుసు. అయినా మిస్ ఓపల్ చెప్పిందల్లా చెక్కాను. ఆవిడ కౌంటీ చరిత్ర కమిటీకి అధ్యక్షురాలు. ఒకసారి పలక పడిందంటే ఆ ఇంటి బయటి రూపంలో మేకు మార్చాలన్నా కమిటీ సరేననాలి. కమిటీ కూడేదే అరుదు, కూడినప్పుడు కూడా సగం సార్లు చిలగడదుంపతో చేసిన తీపి తిని లేచిపోతారు.

ఆవిడ పరిశోధన చేసే పద్ధతి ఇంకెవరికీ ఉండదు. గడప దాటగానే బూట్లు తుడుచుకుంటుంది. ఒక్కో గదిలోకి వెళ్ళి నేలమీద వెల్లకిలా పడుకుంటుంది. గడ్డి టోపీ తీసి పొట్టమీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంటుంది. ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబడతారు. కాసేపటికి ఒక కన్ను తెరిచి, "ఇక్కడే. తల అటు, కాళ్ళు ఇటు" అంటుంది. అంతే. మర్నాడు నేను ఓక్ పలక చిత్రిక పట్టాలి.

"ఎలా తెలుస్తుంది మిస్ ఓపల్?" అని అడిగానొకసారి.

"నేలే చెబుతుంది అబ్బాయ్," అంది. నాకు అరవై దాటాయి. ఆవిడకు మాత్రం నేనింకా అబ్బాయినే.

చెక్కేవాడికి ఒక చిక్కుంది. పలక మీద తేదీ వేయాలి. ఒకసారి రెండు పలకలు బల్లమీద పక్కపక్కన పెట్టుకుని చూస్తే, రెండింటి మీదా ఒకే రాత్రి ఉంది. ఒకటి ఏటికి ఇవతల ఇల్లు, ఇంకొకటి కొండకు అవతల టేట్‌వాళ్ళ పొలంలో ఇల్లు. పలకలు పట్టుకుని పరుగున వెళ్ళాను.

"మిస్ ఓపల్, ఒకే రాత్రి రెండుచోట్ల ఎలా పడుకున్నాడండీ?"

"గుర్రం మంచిది."

"నిద్రలో స్వారీ చేశాడా?"

"జనరల్ అంటే మరేమనుకున్నావ్?"

ఆ టేట్ ఇల్లు కూల్చి దాని మీదుగా పెద్ద రోడ్డు వేయాలని అప్పట్లో గట్టి ప్రయత్నం జరుగుతోంది. పలక పడ్డాక ఆ రోడ్డు ఎందుకో వంకర తిరిగి పక్కనించి పోయింది. నాకా సంగతి పట్టలేదు. నా బుర్రంతా గుర్రం మీదే ఉంది.

అంతకన్నా పెద్ద అయోమయం మిసెస్ గేట్‌వుడ్ ఇంటి దగ్గర వచ్చింది. ఆవిడ ఒంటరి ముసలావిడ, పైకప్పు కారి వంటగదిలో గిన్నెలన్నీ నేలమీదే ఉండేవి. మిస్ ఓపల్ ఆ గిన్నెల మధ్యే పడుకుని, నిద్ర తేల్చేసింది. పలక బిగించబోతూ గోడ చెక్క ఒకటి ఊడదీసి చూశాను. లోపలంతా యంత్రం కోసిన గుండ్రటి రంపపు గీతలు. మేకులన్నీ తీగ మేకులు.

"మిస్ ఓపల్, ఇలా రండి. ఇది తీగ మేకు. ఇలాంటివి వచ్చేసరికి జనరల్ చచ్చి ఎన్నో ఏళ్ళయింది."

ఆవిడ కళ్ళద్దాలు పైకెత్తి మేకు వంక చూసింది. "అయితే ఏమంటావ్?"

"ఈ ఇల్లు అప్పటికి లేదంటాను."

"ఆయన ఆరుబయట పడుకున్నాడు వెండెల్. తర్వాత ఆ చోటు చుట్టూ ఇల్లు కట్టారు."

పలక బిగించాను. చరిత్ర ఇళ్ళకు రాష్ట్రం ఇచ్చే సాయం కింద ఆ ఏడే మిసెస్ గేట్‌వుడ్ ఇంటికి కొత్త కప్పు పడింది, ఆ కప్పు వేసింది కూడా నేనే. అయినా ఆ రెండు సంగతులూ ఒకదానికొకటి ముడి వేసుకునేంత తెలివి నాకు లేకపోయింది.

ఇక రొవీనా సంగతికి వస్తాను.

రొవీనా టిబ్స్ మా బడిలో పిల్లలకు వండిపెడుతుంది. ఇద్దరు కూతుళ్ళతో ఒక చక్రాల ఇంట్లో అద్దెకుండేది. ఆ ఇల్లు నిలబెట్టిన స్థలం అమ్ముడుపోయింది, చలికాలం వెళ్ళేలోపు ఖాళీ చేయమన్నారు. సరిగ్గా అప్పుడే ముసలి హైరమ్ స్టౌట్ కొండ కింద ఉన్న తన పాత ఇల్లు అమ్ముతానన్నాడు. చిన్న ఇల్లు. కింద రెండు గదులు, పైన ఒకటి, ముందు వరండా. రొవీనా దగ్గర డబ్బు లేదు గానీ, పల్లెల్లో ఇల్లు కొనుక్కునేవాళ్ళకు ప్రభుత్వం పూచీ ఉండే అప్పు ఒకటుందని ఎవరో చెప్పారు. ముందుగా చేతినుంచి ఏమీ పెట్టక్కర్లేదు. కాగితాలు పట్టుకుని నా కొట్టుకొచ్చింది, కళ్ళు తిరుగుతున్నట్టుగా.

"వెండెల్, నాకిది బుర్రకెక్కట్లేదు. అప్పిచ్చేది బ్యాంకా, ప్రభుత్వమా?"

"బ్యాంకు."

"మరి ప్రభుత్వం ఏం చేస్తుంది?"

"నువ్వు కట్టలేకపోతే బ్యాంకు ఏడవకుండా చూస్తుంది."

"మరి నేనేడిస్తే?"

"దానికి పథకం లేదు."

ఇద్దరం కలిసి చదివాం. చదివినకొద్దీ చీకటే. జీతం ఎక్కువుండకూడదు, తక్కువా ఉండకూడదు. ఊరు పల్లె అయి ఉండాలి, కానీ ఇంటికి మంచి దారుండాలి. ఇల్లు గొప్పగా ఉండకూడదు, కానీ మనుషులు క్షేమంగా ఉండేలా ఉండాలి. అంత సన్నటి సందులోంచి దూరగలిగిన మనిషి మా కౌంటీలో రొవీనా ఒక్కతే, దూరగలిగిన ఇల్లు హైరమ్‌ది ఒక్కటే.

బ్యాంకు తరఫున మిస్టర్ ఫ్రై అనే ఆయన వచ్చాడు. దారి పొడుగునా నా పలకలు చదువుకుంటూ వచ్చినట్టున్నాడు, దిగగానే కంగారు పడ్డాడు.

"ఇది పల్లేనా? ఇన్ని చారిత్రక కట్టడాలా? ఇదేదో పెద్ద నగరం అయి ఉండాలి కదా?"

"కాదండీ," అన్నాను. "ఒక్క మనిషే. నిద్ర ఎక్కువ."

ఆయన తన మ్యాపు తీసి చూసుకున్నాడు. మ్యాపులో మేం పల్లే. గండం గడిచింది.

తర్వాత ఇంటి విలువ కట్టే మనిషి వచ్చి, కావలసిన మరమ్మతులు చెప్పి వెళ్ళాడు. వరండా మెట్లకు రెయిలింగ్ పెట్టాలి. గోడల బయట పెచ్చులూడే పాత రంగు గీకి కొత్త రంగు వేయాలి. విరిగిన కిటికీ మార్చాలి. ఇవి పూర్తయితేనే అప్పు. హైరమ్ రాసిచ్చిన ఒప్పందంలో ఒక గడువుంది. ఆ గడువులోగా అప్పు చేతికి రాకపోతే ఇల్లు ఇంకెవరికైనా అమ్ముకోవచ్చు. పని నాకప్పగించారు. వారం చాలనుకున్నాను. హైరమ్ కూడా, "రొవీనాకిచ్చిన మాట మాటే. గడువు దాటితే మాత్రం నా తప్పు కాదు," అన్నాడు.

పని మొదలుపెట్టిన రోజే నా గుండె ఆగినంత పనైంది. విరిగిన కిటికీ చట్రం ఊడదీశాను. దూలానికి ఒక్క ఇనుప మేకు లేదు, అన్నీ చెక్క చీలలు. గోడ చెక్కల మీద, ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని చేతిరంపంతో కోసిన నిట్టనిలువు గీతలు. తలుపు బిజాగరీలకు కొలిమిలో సాగగొట్టిన మేకులు. ఎక్కడ ముట్టుకున్నా జనరల్ కాలం నాటిదే. మా కౌంటీ మొత్తంలో ఆయన నిజంగా నిద్రపోగలిగిన ఇల్లు ఏదైనా ఉంటే అది ఇదే! ఇన్నేళ్ళుగా మిస్ ఓపల్ పడుకోని ఇల్లు కూడా అదే.

నోరు మూసుకుని పని చేసుకుందామనుకున్నాను. పలక పడిందా, రెయిలింగ్ పెట్టాలంటే కమిటీ కూడాలి. కమిటీ కూడేసరికి గడువు దాటిపోతుంది. గడువు దాటితే రొవీనా, పిల్లలు రోడ్డున పడతారు. ఇల్లేమో మనుషులు ఉండడానికి మారాలని ప్రభుత్వమంటుంది. అదే ఇల్లు మారకూడదని కమిటీ అంటుంది. రెండూ మంచి మాటలే. రెండూ ఒకే మెట్ల మీద ఢీకొన్నాయి.

నేను నోరు మూసుకున్నా లోకం మూసుకోలేదు. శని ఆదివారాలకు కొండగాలి కోసం ఇల్లు వెతుక్కుంటున్న హార్‌గ్రేవ్ దంపతులు నగరం నుంచి వచ్చారు. వాళ్ళకు జనరల్ నిద్రపోయిన ఇల్లే కావాలి. దానికోసం పందిరిమంచం కూడా ముందే కొన్నారు. హైరమ్ ఇల్లు చూడగానే మిసెస్ హార్‌గ్రేవ్ చేతులు గుండెకు హత్తుకుంది.

"ఆయన ఇక్కడే పడుకుని ఉంటాడు! ఎవరినడగాలి?"

ఎవరినడగాలో చెప్పడానికి మా ఊళ్ళో ప్రతివాడికీ నోరుంది. మర్నాటి పొద్దున్నే మిస్ ఓపల్ కారు వరండా ముందు ఆగింది.

ఆవిడ దిగింది. హార్‌గ్రేవ్‌లు దిగారు. హైరమ్ పొగాకు నములుతూ స్తంభానికి ఆనుకున్నాడు. రొవీనా బడి వంటగది నుంచి ఏప్రనుతోనే పరిగెత్తుకొచ్చింది. నేను రెయిలింగ్ కర్ర భుజాన పెట్టుకుని నిలబడ్డాను. దించాలో, బిగించాలో తెలియలేదు.

"అదేంటి అబ్బాయ్?" అంది మిస్ ఓపల్.

"రెయిలింగ్, మిస్ ఓపల్."

"ఎవరికి?"

"ప్రభుత్వానికి."

"ప్రభుత్వం ఈ మెట్లెక్కుతుందా?"

"ఎక్కదండీ. రొవీనా పిల్లలు ఎక్కుతారు. పడిపోకుండా."

"ఊఁ," అని బూట్లు తుడుచుకుని లోపలికి పోయింది.

కింది గదుల్లో పడుకుంది, లేచింది. పై గదికి ఎక్కింది. అందరం వెనకే ఎక్కాం. మధ్యలో పడుకుని టోపీ పొట్టమీద పెట్టుకుంది. కళ్ళు మూసింది. మేమంతా గుమ్మంలో కుక్కుకుని చూస్తున్నాం. మిసెస్ హార్‌గ్రేవ్ పెదాలు కదుపుతోంది, ప్రార్థిస్తున్నట్టుంది. రొవీనా కూడా ప్రార్థిస్తోంది. ఇద్దరి ప్రార్థనలూ ఒకే దేవుడికి, ఎదురెదురు కోరికలతో వెళుతున్నాయి. ఆయనకెంత అయోమయమో!

చాలాసేపు గడిచింది. మామూలుగా పట్టేదానికన్నా చాలా ఎక్కువ సేపు. టోపీ పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. అప్పుడు వినిపించింది. మొదట చిన్నగా, చెక్క మీద ఆకురాయి గీసినట్టు. తర్వాత నిండుగా.

"గురక పెడుతోందా?" అన్నాడు మిస్టర్ హార్‌గ్రేవ్ గుసగుసగా.

"పరిశోధనలో లోతుకెళ్ళింది," అన్నాను.

"అంటే ఇక్కడ నిద్ర బాగా పడుతుందన్నమాట!" మిసెస్ హార్‌గ్రేవ్ మొహం వెలిగిపోయింది. రొవీనా మొహం ఆరిపోయింది. హైరమ్ పొగాకు నమలడం మానేశాడు.

మిస్ ఓపల్ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. టోపీ దొర్లిపోయింది. మా అందరినీ ఒక్కొక్కరినే చూసింది. రొవీనా ఏప్రను దగ్గర ఆవిడ చూపు కాస్త ఆగింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"లేదు," అంది. "జనరల్‌కు ఇక్కడ నిద్ర పట్టలేదు."

"కానీ..." మిస్టర్ హార్‌గ్రేవ్ నోరు తెరిచాడు. "మీరిప్పుడే..."

"నాకు పడుతుందయ్యా. నేను జనరల్‌ని కాను కదా."

"మరి ఇంత పాత ఇల్లు! ఇక్కడికి రానే లేదంటారా?"

"వచ్చాడు. పడుకున్నాడు. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. లాభం లేదని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి?" అని ఆ దంపతులిద్దరూ ఒక్క గొంతుతో అడిగారు.

"మిసెస్ గేట్‌వుడ్ ఇంటికి. అక్కడ బారెడు పొద్దెక్కినా లేవలేదు. కాఫీ తెచ్చి లేపాల్సి వచ్చింది. ఆ ఇల్లూ అమ్మకానికే ఉంది, చూశారా? పలకుంది, కప్పు కొత్తది. ఆవిడ చెల్లెలి దగ్గరికి పోదామని ఎప్పటినుంచో చూస్తోంది పాపం, కొనేవాళ్ళు దొరక్క."

హార్‌గ్రేవ్‌ల కారు మేం కిందికి దిగేసరికే దుమ్ము లేపుతోంది. హైరమ్ మళ్ళీ పొగాకు నములుతూ, "అయితే ఏమంటావ్ వెండెల్, ఆ కర్ర మోస్తూనే ఉంటావా, బిగిస్తావా?" అన్నాడు. రొవీనా వరండా మెట్ల మీద కూలబడి నవ్వుతూ ఏప్రనుతో మొహం తుడుచుకుంటోంది.

నాకు మాత్రం మతిపోయింది. ఆ సాయంత్రం మిస్ ఓపల్ కారు మొరాయిస్తే నా ట్రక్కులో ఇంటికి దిగబెట్టాను. దారిలో ఉండబట్టలేకపోయాను.

"మిస్ ఓపల్, నాకు చరిత్ర తెలియదు గానీ చెక్క తెలుసు. మీరు కాదన్నది జనరల్ నాటి ఇల్లు. అవునన్న వాటిలో సగం మా తాత నాటివి."

"చెక్క చీలలేనా?" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"అవునండీ."

"తెలుసులే. దూలాలు ఎప్పుడో చూశాను. అందులో పడుకుంటే నిజం చెప్పాల్సి వస్తుందనే ఇన్నేళ్ళూ ఆ ఇంటివైపు పోలేదు."

"తెలిసి కూడా లేదన్నారా?"

ట్రక్కు వంతెన దాటింది, వంకర తిరిగిన పెద్ద రోడ్డు మీదుగా టేట్ పొలం పక్కనించి పోయింది.

"రొవీనా కూతుళ్ళు ఇప్పుడెక్కడ పడుకుంటున్నారో ఎప్పుడైనా చూశావా వెండెల్?"

"సోఫా మీద. ఇద్దరూ ఒకే దాని మీద, ఒకరి కాళ్ళు ఒకరి మొహం మీద."

"జనరల్‌కు కౌంటీ నిండా పడకలే కదా," అంది మిస్ ఓపల్. "ఒకటి తగ్గితే ఆయనేం నిద్ర మానేయడు."

నేను టేట్ ఇంటి వంక చూశాను. తర్వాత మిసెస్ గేట్‌వుడ్ కొత్త కప్పు గుర్తొచ్చింది. తర్వాత గుర్రం గుర్తొచ్చింది. నా బుర్రలో అన్నీ ఒక్కసారి కదిలాయి.

"మిస్ ఓపల్, అయితే ఆ జనరల్ అసలు..."

"ముందు చూసి నడుపు అబ్బాయ్. గోతులున్నాయి."

రెయిలింగ్ బిగించాను. తెల్ల ఓక్, చేతికి నునుపుగా తగిలేలా అంచులు గుండ్రం చేశాను. పిల్లల చేయి అందేంత ఎత్తులో కింద ఇంకో కర్ర కూడా పెట్టాను, అది ఎవరూ అడగలేదు. గడువుకు ముందే అప్పు వచ్చింది. మిస్టర్ ఫ్రై తాళం చెవులిస్తూ, "ఇంతకీ ఇది చారిత్రక కట్టడమా, కాదా?" అని అడిగాడు. ఆయన అయోమయంగానే వెళ్ళిపోయాడు. హార్‌గ్రేవ్‌లు గేట్‌వుడ్ ఇంట్లో పందిరిమంచం వేసుకున్నారు. వచ్చిన ప్రతి అతిథికీ జనరల్ కాఫీ కథ చెబుతున్నారు. ఇప్పుడందులో కాఫీతోపాటు పంది మాంసం వేపుడు కూడా చేరింది.

మిస్ ఓపల్ నాతో ఇంకొక్క పలకే చెక్కించింది. చిన్నది, వంటగది గోడకు సరిపోయేది. "లోపలిది కదా, కమిటీతో పని లేదు," అంది. శనివారం బాగా పొద్దెక్కాక అది పట్టుకుని రొవీనా ఇంటికి వెళ్ళాను. మెట్లెక్కుతుంటే వరండాలో మిస్ ఓపల్ కనిపించింది, ఊగే కుర్చీలో, టోపీ పొట్టమీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని. పరిశోధన బాగా లోతుగా సాగుతోంది, మెట్ల దాకా వినిపిస్తోంది.

రొవీనా పలక చదివింది: "జనరల్ పెండ్రీకి ఈ ఇంట్లో నిద్ర పట్టలేదు."

"పొయ్యి పైన పెట్టు," అంది. "మెల్లగా కొట్టు కానీ. పైన పిల్లలింకా లేవలేదు."

"ఇంకానా? బారెడు పొద్దెక్కింది!"

"ఏం చేయను చెప్పు? ఆయన వదిలేసిపోయిన నిద్రంతా వీళ్ళకే వచ్చి పడింది."

ఆ ఇంటి కిటికీలోంచి తీసి దాచుకున్న కొలిమి మేకు ఒకటి జేబులోంచి తీశాను. ఇంట్లో ఎవరూ లేవకుండా, సుత్తికి గుడ్డ చుట్టి కొట్టాను.